అగ్నివీర్ పరీక్షకు తెలుగులో ఒక జనరల్ సైన్స్ గైడు: మూడు నెలలు చదివించిన తరువాత

మా మేనల్లుడు సైన్యంలో అగ్నివీర్ జనరల్ డ్యూటీ కొలువుకు సిద్ధమవుతున్నాడు. తెల్లవారుజామున మా హైస్కూలు మైదానంలో పరుగు తీసే పదిపన్నెండు మంది కుర్రాళ్లలో వాడూ ఒకడు. శ్రీకాకుళం జిల్లాలో ఇది కొత్త సంగతి కాదు. సెలవు మీద ఊరికి వచ్చిన జవాను చుట్టూ చేరి, పరీక్ష ఎలా ఉంటుంది, ర్యాలీలో ఏమి చూస్తారు అని అడిగే పిల్లలు మా వైపు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. అయితే 2023 నుంచి సైన్యం ఎంపిక క్రమాన్ని మార్చింది. అంతకుముందు దేహదారుఢ్య పరీక్షలు ముందు, రాత పరీక్ష తరువాత ఉండేవి. ఇప్పుడు కంప్యూటర్‌పై రాత పరీక్ష ముందు, అందులో నెగ్గినవారికే దేహదారుఢ్య పరీక్షలు జరిగే ర్యాలీ. అంటే 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్ల లోపు పరుగెత్తగలిగిన కుర్రాడు కూడా ముందు కుర్చీలో కూర్చొని ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. పరుగులో ఆరితేరిన పిల్లలు ఇక్కడే ఆగిపోతున్నారన్న బాధతోనే వాడి కోసం ఈ గైడు కొన్నాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధిస్తాను. కాబట్టి ఈ సమీక్షను పుస్తకం కొన్నవాడిగా, దానిని పక్కన కూర్చొని మూడు నెలలు చదివించినవాడిగా రాస్తున్నాను. పుస్తకం పేరు, ప్రచురణ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను గమనించిన తప్పులన్నింటినీ పేజీ సంఖ్యలతో సహా వారికే ఉత్తరంలో పంపాను, సవరించే అవకాశం ముందు వారికి ఇవ్వడం న్యాయమనిపించింది. ఆర్మీ పరీక్షల కోసం తెలుగులో వస్తున్న సైన్స్ గైడ్లలో చాలావరకు ఒకే పద్ధతిలో తయారవుతున్నవే కనుక, ఇక్కడ చెప్పే మాటలు మరో గైడు కొనేవారికి కూడా ఉపయోగపడతాయి.

పరీక్ష స్వరూపం తెలియని తల్లిదండ్రుల కోసం రెండు మాటలు. జనరల్ డ్యూటీ విభాగంలో గంట సమయంలో 50 ప్రశ్నలు, 100 మార్కులు. జనరల్ నాలెడ్జ్, లెక్కలతో పాటు జనరల్ సైన్స్‌కు అందులో పెద్ద వాటా ఉంటుంది. సరైన జవాబుకు రెండు మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు అర మార్కు కోత పడుతుంది. ఉత్తీర్ణతకు 35 మార్కులు చాలు గానీ, ప్రతిభా జాబితాలో నిలవడానికి అవి ఎంతమాత్రం సరిపోవు. ప్రశ్నల స్థాయి పదో తరగతి దాటదు. 2025లో ఈ పరీక్షను తెలుగుతో సహా 13 భాషల్లో నిర్వహించారు. తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడికి ఇది నిజంగా పెద్ద ఊరట. అదే సమయంలో తెలుగు పారిభాషిక పదాలను తప్పుగా నేర్పే గైడు ఎంత చేటు చేస్తుందో కూడా ఈ మార్పు వల్లనే బయటపడింది.

పుస్తకం చూడడానికి బాగుంది. దాదాపు 300 పేజీలు, అక్షరాలు పెద్దవి, కాగితం పలచనిది కాదు, కుట్టు గట్టిగా ఉంది. మూడు నెలలు రోజూ తెరిచి మూసినా ఒక్క పేజీ ఊడలేదు. భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, జీవశాస్త్రం అనే మూడు భాగాలు, చివర పదిహేను నమూనా పరీక్షలు ఉన్నాయి. ధర 340 రూపాయలు. మా పట్టణంలోని పుస్తకాల దుకాణంలో అడిగితే 300కు ఇచ్చారు.

ముందు దాని మంచి చెప్పాలి. జీవశాస్త్రం భాగం ఈ పుస్తకానికి ప్రాణం. విటమిన్ల పట్టికను ఎంతో శ్రద్ధగా కూర్చారు: విటమిన్ పేరు, అది లోపిస్తే వచ్చే జబ్బు, అది దొరికే ఆహారం అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. ఆహారం దగ్గర మన ఇళ్లలో కనిపించే మునగాకు, ఉసిరికాయ, బొప్పాయి, దంపుడు బియ్యం పేర్లు రాశారు. విటమిన్ బి1 లోపిస్తే బెరిబెరి వస్తుందని బట్టీ పట్టిన పిల్లవాడికి, బియ్యాన్ని పాలిష్ పట్టినప్పుడు తవుడుతో పాటు ఆ విటమిన్ కూడా పోతుందని తెలిస్తే ఆ జవాబు మరిక మరపుకు రాదు. మానవ శరీరం అధ్యాయంలో 206 ఎముకలు, వాటిలో అతి చిన్నదైన చెవిలోని స్టేపిస్, అతి పెద్ద గ్రంథి అయిన కాలేయం, అతి పెద్ద అవయవమైన చర్మం వంటి తరచుగా అడిగే అంశాలన్నీ ఉన్నాయి. గ్రంథి ఏది, అవయవం ఏది అన్న తేడాను ప్రత్యేకంగా గీత గీసి మరీ చూపించారు. పిల్లలు కాలేయానికీ చర్మానికీ మధ్య తడబడేది సరిగ్గా అక్కడే.

రసాయన శాస్త్రం భాగం ఫర్వాలేదు. వంట సోడా, బట్టల సోడా, బ్లీచింగ్ పౌడర్, జిప్సం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వంటి నిత్యజీవిత పదార్థాల రసాయన నామాలు తప్పుల్లేకుండా ఉన్నాయి. పొడిసున్నం అంటే కాల్షియం ఆక్సైడ్, తడిసున్నం అంటే కాల్షియం హైడ్రాక్సైడ్ అని సరిగ్గానే చెప్పారు. గోడకు వేసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొని, రెండు మూడు రోజుల్లో కాల్షియం కార్బొనేట్ పొరగా మారడం వల్లనే ఆ మెరుపు వస్తుందన్న ఒక్క వాక్యం కూడా కలిపి ఉంటే, మూడు ప్రశ్నలకు ఒకే చోట సమాధానం దొరికేది.

అసలు బాధ భౌతిక శాస్త్రం భాగంతోనే. ఈ భాగాన్ని వేరే భాషలోని గైడు నుంచి తెచ్చి తెలుగులోకి మార్చినట్లు చదవగానే అర్థమవుతుంది. మార్చినవారు మన పాఠ్యపుస్తకాల్లో ఏ పదానికి ఏ అర్థం స్థిరపడిందో చూసుకోలేదు. మన బడిపుస్తకాల్లో బలం, పని, శక్తి, సామర్థ్యం నాలుగూ నాలుగు వేర్వేరు భావనలు. పని చేయగల స్తోమత శక్తి, దాని ప్రమాణం జౌల్. పని జరిగే రేటు సామర్థ్యం, దాని ప్రమాణం వాట్. ఈ గైడు 61వ పేజీలో ‘శక్తికి ప్రమాణం వాట్’ అని అచ్చయి ఉంది. ఇంగ్లిష్‌లో పవర్ అన్న మాటను మామూలు వాడుకలో లాగా శక్తి అని మార్చేశారు. తొమ్మిదో తరగతిలో సరిగ్గా నేర్చుకున్న పిల్లవాడు కూడా ఈ పేజీ చదివాక తాను నేర్చుకున్నదే తప్పనుకుంటాడు. పరీక్షలో శక్తి ప్రమాణం ఏది అని అడిగి, కింద జౌల్, వాట్ రెండూ ఇస్తే వాడు వాట్ గుర్తిస్తాడు. రావలసిన రెండు మార్కులు రావు, పైగా అర మార్కు పోతుంది.

ఈ రెండు భావనల తేడా చెప్పడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. పొలంలో ఉన్న 5 హెచ్‌పీ మోటారు చాలు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు కనుక 5 హెచ్‌పీ అంటే 3,730 వాట్లు. అది మోటారు సామర్థ్యం, అంటే అది ఎంత చురుగ్గా పని చేయగలదో చెప్పే కొలత. ఆ చురుకుతో గంట సేపు పని చేస్తే ఖర్చయ్యేది శక్తి, దానిని కరెంటు బిల్లులో యూనిట్లలో రాస్తారు. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్, అంటే 36 లక్షల జౌళ్లు. రైతు ఇంటి పిల్లవాడికి ఈ మోటారు చూపించి చెబితే శక్తికీ సామర్థ్యానికీ ఉన్న తేడా పది నిమిషాల్లో పట్టుబడుతుంది. మా మేనల్లుడికి నేను చెప్పింది ఇలాగే, అదీ గైడు మూసి పక్కన పెట్టిన తరువాత.

రెండో తప్పు ఇంకా సూక్ష్మమైనది, అందుకే ఇంకా ప్రమాదకరమైనది. కాంతి అధ్యాయంలో ‘దూరదృష్టి లోపాన్ని సవరించడానికి వాడే కటకం ఏది?’ అన్న ప్రశ్న ఉంది. జవాబు కుంభాకార కటకం అని ఇచ్చారు. దగ్గరి వస్తువులు సరిగా కనబడని స్థితిని మన పాఠ్యపుస్తకం దీర్ఘదృష్టి అంటుంది, దానికి వాడేది కుంభాకార కటకమే. ఆ లెక్కన జవాబు సరైనదే, కానీ ప్రశ్నలోని మాట తప్పుదారి పట్టిస్తుంది. ‘దూరదృష్టి లోపం’ అన్న మాట చదవగానే తెలుగు పిల్లవాడికి తోచే అర్థం దూరపు చూపులో లోపం, అంటే దూరపు వస్తువులు ఆనకపోవడం. మా అమ్మ కళ్లజోడు దుకాణానికి వెళ్లి ‘దూరం చూపు ఆనడం లేదు బాబూ’ అంటుంది. ఆ మాటకు శాస్త్రంలో పేరు హ్రస్వదృష్టి, దానికి ఇచ్చేది పుటాకార కటకం. అంటే తన భాష బాగా తెలిసిన పిల్లవాడే ఇక్కడ తప్పు జవాబు గుర్తిస్తాడు. మా వాడు అదే చేశాడు. జవాబు తప్పని తెలిశాక ‘నా తెలుగు తప్పా మావయ్యా?’ అని అడిగాడు. కాదని చెప్పి, బొమ్మ గీసి చూపించాను. దీర్ఘదృష్టి ఉన్నవారి కంట్లో దగ్గరి వస్తువు ప్రతిబింబం నేత్రపటలానికి (రెటీనాకు) వెనుక ఏర్పడుతుంది కనుక, కిరణాలను ముందుగానే కొంత కూడదీసే కుంభాకార కటకం కావాలి. హ్రస్వదృష్టిలో దూరపు వస్తువు ప్రతిబింబం నేత్రపటలానికి ముందే ఏర్పడుతుంది కనుక, కిరణాలను కొంత విడదీసే పుటాకార కటకం కావాలి. ఈ బొమ్మ ఒక్కటి మనసులో ఉంటే ప్రశ్నను ఏ మాటతో అడిగినా జవాబు తప్పదు. గైడులో ఆ బొమ్మ లేదు.

మూడోది వడి, వేగం. మన పుస్తకాల్లో దిశతో సంబంధం లేనిది వడి, దిశ కూడా కలిసినది వేగం. గైడు రెండింటికీ వేగం అనే రాసింది. ఇది చాదస్తంగా కనిపించవచ్చు గానీ, సైన్యానికి వెళ్లే పిల్లవాడికి ఇంతకన్నా దగ్గరి పాఠం మరొకటి లేదు. మా మైదానంలో కుర్రాళ్లు సున్నంతో 400 మీటర్ల చుట్టు గీసుకున్నారు. నాలుగు చుట్లు పూర్తయితే 1,600 మీటర్లు. 330 సెకన్లలో పూర్తిచేస్తే సరాసరి వడి సెకనుకు సుమారు 4.85 మీటర్లు. మొదలుపెట్టిన గీత దగ్గరికే తిరిగి వచ్చాడు కనుక స్థానభ్రంశం సున్నా, స్థానభ్రంశం సున్నా కనుక సరాసరి వేగం కూడా సున్నా. ఒక ఉదయం పరుగు ముగించి మోకాళ్లపై చేతులు పెట్టుకొని రొప్పుతున్న వాడికి ఈ సంగతి చెప్పాను. ‘ఇంత పరుగెత్తినా సున్నాయేనా మావయ్యా’ అని ముందు ఉసూరుమన్నా, సాయంత్రం గైడు తీసి 38వ పేజీలో మూడు చోట్ల ‘వేగం’ కొట్టేసి ‘వడి’ అని పెన్సిలుతో దిద్దుకున్నాడు. తుపాకీ పేలినప్పుడు భుజానికి తగిలే వెనుకపోటు ద్రవ్యవేగ (ద్రవ్యరాశి, వేగాల లబ్ధం) నిత్యత్వ నియమానికి ఉదాహరణ అని గైడు చెప్పింది, అది సరైనదే. కానీ లెక్క చూపలేదు. 10 గ్రాముల తూటా సెకనుకు 400 మీటర్ల వేగంతో వెళ్తే, 4 కిలోల తుపాకీ సెకనుకు ఒక మీటరు వేగంతో వెనక్కు రావాలని రెండు వరుసల్లో తేల్చవచ్చు. ఈ పుస్తకం చదివేవారిలో చాలామంది ఒకనాడు ఆ పోటును తమ భుజంతోనే ఎరుగుతారు కదా.

ఇక్కడ నా ప్రధానమైన అభ్యంతరం చెప్పాలి. ఈ గైడు జవాబులు ఇస్తుంది, కారణాలు ఇవ్వదు. పోటీ పరీక్షలకు కారణాలెందుకు, జవాబులు గుర్తుంటే చాలు కదా అని మా ఊళ్లోనే చాలామంది అంటారు. ఆ మాటతో నేను ఏకీభవించను. కారణం తెలియని జవాబు, ప్రశ్నను కాస్త తిప్పి అడిగితే నిలవదు. ఉదాహరణకు ‘ఎత్తైన ప్రదేశాలకు వెళ్లేకొద్దీ నీటి మరుగు స్థానం తగ్గుతుంది’ అని 72వ పేజీలో ఒక వాక్యం ఉంది. దానిని మా వాడు కంఠస్థం చేశాడు. రెండు రోజుల తరువాత నమూనా పరీక్షలో ‘కొండలపై అన్నం ఉడకడానికి ఎక్కువ సమయం ఎందుకు పడుతుంది?’ అన్న ప్రశ్న దగ్గర చిక్కుకుపోయాడు. ‘మరుగు తొందరగా వస్తే అన్నం కూడా తొందరగా ఉడకాలి కదా మావయ్యా?’ అని అడిగాడు. ఎంతో సహజమైన సందేహం అది. నీళ్లు కుతకుత ఉడకడమే అన్నాన్ని ఉడికిస్తుందని మనం అనుకుంటాం గానీ, నిజానికి ఉడికించేది నీటి వేడిమి. లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ వాతావరణ పీడనం తక్కువ కనుక నీరు 88 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలోనే మరుగుతుంది, పొయ్యి మంట ఎంత పెంచినా మూత లేని గిన్నెలో నీళ్లు అంతకుమించి వేడెక్కవు. ఆ వేడిమిలో పప్పు బద్దగానే ఉండిపోతుంది. ప్రెషర్ కుక్కర్ లోపల పీడనం పెరగడం వల్ల మరుగు స్థానం సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది కనుక అక్కడా ఇక్కడా త్వరగా ఉడుకుతుంది. మా పక్క వీధిలో విశ్రాంత సుబేదారు గారు ఉన్నారు. వారు లద్దాఖ్‌లో ఉన్న రోజుల్లో కుక్కర్ లేకుండా పప్పు వండే ఆలోచనే ఉండేది కాదని చెప్పినప్పుడు, మా వాడు ఆ పేజీ అంచున ‘కుక్కర్’ అని ఒక్క మాట రాసుకున్నాడు. ఆ తరువాత ఆ అంశంపై ఎలా అడిగినా తప్పలేదు.

మలేరియా విషయంలోనూ ఇదే లోపం. పట్టికలో ‘మలేరియా: దోమ’ అని మాత్రమే ఉంది. జబ్బును కలిగించేది ప్లాస్మోడియం అనే పరాన్నజీవి, దానిని మోసుకొచ్చేది ఆడ అనాఫిలస్ దోమ. కారకం ఏది అని అడిగితే ఒక జవాబు, వాహకం ఏది అని అడిగితే మరో జవాబు. డెంగీకి ఏడిస్, బోదకాలుకు క్యూలెక్స్ దోమలు వాహకాలని పక్కనే చెప్పి ఉంటే పట్టిక నిండుగా ఉండేది. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది రోనాల్డ్ రాస్ అని ఒక వాక్యం రాసి వదిలేశారు. ఆ పరిశోధన జరిగింది సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. రాస్ అప్పట్లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో పనిచేస్తున్న సైనిక వైద్యుడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. సైన్యంలో చేరబోయే తెలుగు పిల్లల కోసం రాసిన సైన్స్ పుస్తకంలో, ఒక సైనిక వైద్యుడు మన నేలపై సాధించిన ఈ విజయానికి నాలుగు వరుసలు ఇవ్వకపోవడం నన్ను నిజంగా నొప్పించింది. అలాగే బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజైన్ మందు వెనుక ఉన్న శాస్త్రవేత్త, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు. పోషకాల పట్టికలో ఫోలిక్ ఆమ్లం ఉంది, ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన పరిశోధక బృందానికి నాయకత్వం వహించిన మనిషి పేరు లేదు.

పాతబడిన సమాచారం కొంత ఉంది. కిలోగ్రాముకు ప్రమాణం ప్లాటినం, ఇరిడియం మిశ్రలోహంతో చేసిన స్థూపమని (సిలిండర్ ఆకారపు దిమ్మె అని) 14వ పేజీలో ఉంది. 2019 మే 20 నుంచి కిలోగ్రామును ప్లాంక్ స్థిరాంకం అనే, ప్రకృతిలో మారని ఒక విలువ ఆధారంగా నిర్వచిస్తున్నారు. సౌరకుటుంబంలో ఎనిమిది గ్రహాలని, మూలకాలు 118 అని మాత్రం సరిగ్గానే ఉంది. రక్షణ రంగానికి సంబంధించిన సైన్స్ అంశాలకు నాలుగు పేజీలు కేటాయించారు. వాటిలో బ్రహ్మోస్ క్షిపణికి ఆ పేరు బ్రహ్మపుత్ర, మాస్కోవా నదుల పేర్ల నుంచి వచ్చిందని, చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న బయలుదేరి ఆగస్టు 23న చంద్రునిపై దిగిందని ఉంది. ఈ నాలుగు పేజీలూ తప్పుల్లేకుండా, చక్కగా ఉన్నాయి.

నమూనా పరీక్షల గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది గైడు కొనేది వాటి కోసమే. పదిహేను పరీక్షలనూ మేము గడియారం పెట్టుకొని పూర్తిచేశాం. ప్రశ్నల స్థాయి బాగుంది, మరీ తేలికగా లేదు, పిల్లవాడిని బెదరగొట్టేలానూ లేదు. సెల్సియస్, ఫారన్‌హీట్ మానాలు రెండూ ఒకే సంఖ్య చూపే ఉష్ణోగ్రత మైనస్ 40, నీటి సాంద్రత గరిష్ఠంగా ఉండేది 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర, శూన్యంలో ధ్వని ప్రయాణించదు, కాంతి సంవత్సరం కాలానికి కాదు దూరానికి ప్రమాణం వంటి మంచి ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. అయితే జవాబుల పట్టికలో పదకొండు తప్పులు దొరికాయి. వాటిలో కొన్ని కేవలం అచ్చు తప్పులు, ఒక వరుస కిందికి జారినట్లు తెలుస్తూనే ఉంది. కానీ ఒంటరిగా చదువుకునే పిల్లవాడికి ఆ సంగతి తెలియదు. వాడు పట్టికను నమ్ముతాడు, తన జవాబును అనుమానిస్తాడు. ఏడో పరీక్షలో వాహనాల పక్కన అమర్చే అద్దం పుటాకార దర్పణమని పట్టిక చెప్పింది. అది కుంభాకార దర్పణం. వెనుక నుంచి వచ్చే వాహనాలు ఎక్కువ మేర కనబడాలంటే కుంభాకారమే కావాలి. పుటాకార దర్పణాన్ని దంతవైద్యుడు పన్నును పెద్దదిగా చూడటానికి వాడతాడు.

ఈ పుస్తకాన్ని ఎవరు కొనవచ్చు? పక్కన ఒక సైన్స్ మాస్టారో, డిగ్రీలో సైన్స్ చదివిన అక్కో అన్నో ఉన్న పిల్లవాడు నిస్సందేహంగా కొనవచ్చు. జీవశాస్త్రం పట్టికలు, రక్షణ రంగం పేజీలు, నమూనా ప్రశ్నలు 300 రూపాయలకు తగినవే. చెప్పేవారు ఎవరూ లేకుండా ఒక్కడే చదువుకునే పిల్లవాడికి మాత్రం నేను దీనిని ముందుగా సూచించను. అలాంటివారు ఆరు నుంచి పది తరగతుల సైన్స్ పాఠ్యపుస్తకాలతో మొదలుపెట్టాలి. ఒక పక్క ఇంగ్లిష్, మరో పక్క తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు దొరికితే మరీ మంచిది. ఏ ఇంగ్లిష్ మాటకు ఏ తెలుగు మాట సరైనదో ఆ ఎదురెదురు పేజీలే చెబుతాయి. మేము ఒక నోటుబుక్కులో ఇలాంటి జంటపదాలు 200 దాకా రాసుకున్నాం: స్పీడ్ అంటే వడి, వెలాసిటీ అంటే వేగం, పవర్ అంటే సామర్థ్యం, ఎనర్జీ అంటే శక్తి, ఫ్రీక్వెన్సీ అంటే పౌనఃపున్యం, మొమెంటమ్ అంటే ద్రవ్యవేగం. ఆ నోటుబుక్కు సగం దాటాక మా వాడు గైడులోని తప్పులను నాకంటే ముందే పట్టుకోవడం మొదలుపెట్టాడు. మొదటి నమూనా పరీక్షలో సైన్స్ ప్రశ్నల్లో సగానికి తప్పులు చేసినవాడు, చివరి మూడింటిలో రెండేసి మించి తప్పు చేయలేదు. ఇందులో గైడు వాటా ఎంత, పాఠ్యపుస్తకాల వాటా ఎంత అంటే, పాఠ్యపుస్తకాలదే పెద్ద వాటా అని చెబుతాను.

ప్రచురణ సంస్థ నుంచి జవాబు వచ్చింది. తప్పులను ఒప్పుకొని, వచ్చే ముద్రణలో సరిచేస్తామని మర్యాదగా రాశారు. అందుకు వారిని మెచ్చుకోవాలి. ఇప్పటికే పుస్తకం కొన్నవారు 61వ పేజీలో శక్తి అన్నచోట సామర్థ్యం అని, కాంతి అధ్యాయంలో దూరదృష్టి అన్నచోట దీర్ఘదృష్టి అని, 38వ పేజీలో దిశ ప్రసక్తి లేని చోటల్లా వడి అని దిద్దుకోండి, జవాబుల పట్టికను మాత్రం ప్రతి ప్రశ్నకూ పాఠ్యపుస్తకంతో సరిచూసుకోండి. ఇక ముందు కొనబోయేవారు దుకాణంలోనే 61వ పేజీ తెరిచి చూడండి. వాట్ ఎదురుగా సామర్థ్యం అని ఉంటే అది సవరించిన ప్రతి, శక్తి అనే ఉంటే పాతది.